బ్లూ హోల్ అంచున ఒంటి తుమ్ము

అచ్యుత్ ఎడమ కాలు పడవ అంచు మీద ఉంది. కుడి కాలు గాల్లో ఉంది. సరిగ్గా అప్పుడు వెనకాల ఎవరో తుమ్మారు.

ఒక్కటే తుమ్ము. రెండోది వస్తుందేమోనని అచ్యుత్ కాలు అలాగే గాల్లో ఉంచి ఎదురుచూశాడు. రాలేదు. వీపున ఇనప సిలిండరు, నడుముకి సీసం దిమ్మలు, కాళ్ళకి మూరెడేసి రబ్బరు రెక్కలు తగిలించుకుని ఒంటికాలి మీద అంతసేపు నిలబడడం తేలికేం కాదు. అయినా నిలబడ్డాడు. ఆ తరవాత గాల్లో కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఆ కాలు వెనక్కి రావడం ఎంత ప్రమాదమో తెలియాలంటే అసలు అది ముందుకెందుకు లేచిందో తెలియాలి.

అచ్యుత్‌ది ముమ్మిడివరం. ఆస్ట్రేలియాలో, టౌన్స్‌విల్‌లో ఒక యూనిలో, అంటే యూనివర్సిటీలో, సముద్రశాస్త్రం మాస్టర్స్ చదువుతున్నాడు, ఆఖరి ఏడు. క్వీన్స్‌లాండ్ తీరానికి బాగా దూరంగా, మ్యాపులో ఆవగింజంత కనిపించే ఒక దీవి ఉంది. ఆ దీవి పక్కన పగడపు దిబ్బల మధ్య సముద్రం అడుక్కి గుండ్రంగా ఒక పెద్ద బిలం ఉంది. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట సున్నపురాయి గుహ పైకప్పు కూలిపోతే ఏర్పడింది. చుట్టూ నీళ్ళు లేత ఆకుపచ్చ, మధ్యలో ఆ బిలం మాత్రం సిరా పోసినట్టు ముదురు నీలం. అందుకే బ్లూ హోల్ అంటారు. లోతు డెబ్భై మీటర్లు.

ఆ బిలం గోడకి పద్దెనిమిది మీటర్ల లోతున అచ్యుత్ కిందటేడు ఒక ట్యూబ్ బిగించి వచ్చాడు. అప్పడాల కర్రంత ఉంటుంది. పది నిమిషాలకోసారి నీటి వేడినీ వెలుతురునీ కొలిచి తనలో తనే రాసుకుంటుంది. వైరు లేదు, సిగ్నల్ లేదు. ఏడాదంతా అదేం రాసుకుందో తెలియాలంటే విప్పి పైకి తేవాల్సిందే. దాని మీదే అచ్యుత్ థీసిస్. అది ఇవ్వడానికి ఆరు వారాల గడువుంది. యూని పడవ ఇక్కడికి వచ్చేది ఏడాదికి ఒక్కసారి, ఒక్క రోజుకి. ఆ రోజులో కూడా ఆటుకీ పోటుకీ మధ్య నీళ్ళు కదలకుండా నిలబడేది నలభై నిమిషాలు మాత్రమే. మిగతా వేళల్లో బిలం నోటి దగ్గర ప్రవాహం మనిషిని ఈడ్చుకుపోతుంది. ఈ నలభై నిమిషాల్లో ట్యూబ్ రాకపోతే థీసిస్ లేదు. ఇంకో ఏడాది ఆగుదామంటే వీసా లేదు.

ఇక పడవ మీద స్టీవ్ ఉన్నాడు. డైవింగ్ బాధ్యత అంతా అతనిది. అరవయ్యేళ్ళుంటాయి. చాలా మంచివాడు, కానీ రెండు విషయాల్లో దేవుడు దిగొచ్చి చెప్పినా వినడు. ఒకటి, జలుబున్నవాళ్ళు నీళ్ళలోకి దిగకూడదు. ముక్కు బిగిస్తే లోతులో చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు, కర్ణభేరి చిరుగుతుంది. అందుకని ఎవరైనా తన ఎదురుగా తుమ్మితే చాలు, ఇంకేమీ అడక్కుండా బోర్డు మీద వాళ్ళ పేరు కొట్టేస్తాడు. రెండోది, అంచు దాకా వెళ్ళి వెనక్కొచ్చిన మనిషికి ఇంకొక్క అవకాశం ఇస్తాడు. మళ్ళీ వెనక్కొస్తే ఆ మనిషి ఆ రోజంతా పడవ మీదే.

"ఓకే మేట్?" అన్నాడు, గాలి హోరులో తుమ్ము వినబడని స్టీవ్.

అచ్యుత్ వెనక్కి వెనక్కి నడిచి, సిలిండరుతో సహా బెంచీ మీద కూలబడ్డాడు. "కాసిని మంచినీళ్ళు" అన్నాడు ఇంగ్లీషులో. స్టీవ్ బోర్డు దగ్గరికి వెళ్ళి అచ్యుత్ పేరు పక్కన ఒక గీత గీశాడు. ఆ తరవాతే నీళ్ళ కోసం కిందికి వెళ్ళాడు.

తుమ్మింది మరియరాణి. అచ్యుత్‌కి జోడీ. డైవింగ్‌లో ఒంటరిగా దిగనివ్వరు, ఇద్దరూ దిగాలి, ఇద్దరూ ఎక్కాలి. వాళ్ళది నరసాపురం వైపు కుటుంబం. తొమ్మిదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో సిడ్నీకి వచ్చి క్వేకర్స్ హిల్‌లో పెరిగింది. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది, చదవడం రాదు. ఇప్పుడు ముక్కు చివర ఎర్రగా పెట్టుకుని, స్టీవ్ వెళ్ళిన వైపు దొంగచూపులు చూస్తూ అచ్యుత్ పక్కన కూర్చుంది.

"ఏంటి, భయమేసిందా? ఇట్స్ ఓకే, స్లోగా బ్రీత్ తీసుకో" అంది.

"నువ్వు తుమ్మావు."

"ష్. స్టీవ్ వింటాడు. మన ప్రొఫెసర్ మేడమ్ కారప్పొడి డబ్బా తీశారు, గాలికి ముక్కులోకి వెళ్ళింది. కోల్డ్ కాదు, ఐ ప్రామిస్."

"జలుబైనా బాగుండేది. ఇది ఒంటి తుమ్ము."

మరియరాణికి అర్థం కాలేదు. అచ్యుత్ చెప్పాడు. బయల్దేరేటప్పుడు ఒక్క తుమ్ము వినబడితే వెళ్ళకూడదు. కూర్చుని, నీళ్ళు తాగి, కాసేపు ఆగి వెళ్ళాలి. వెంటనే రెండోది కూడా వస్తే దోషం లేదు, పైగా మంచిది.

"వన్ అయితే బ్యాడ్, టూ అయితే గుడ్డా? ఈ రూల్ ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడితే ఏంటి? మా నాన్న డీఎస్సీ ఎగ్జామ్‌కి వెళ్తుంటే పక్కింటి సుబ్బరాజుగారు తుమ్మారు. మా నానమ్మ ఆపేసింది. నాన్న ఎక్కాల్సిన బస్సు దారిలో చెడిపోయింది తెలుసా?"

ఆ బస్సు రోజూ చెడిపోయేదే. ఆ సంగతి ముమ్మిడివరంలో అందరికీ తెలుసు గానీ అచ్యుత్ వాళ్ళింట్లో ఎవరూ ఆ వివరాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ రోజు నించి ఆ ఇంట్లో తుమ్ముకున్న పలుకుబడి కలెక్టరుకి కూడా లేదు. అచ్యుత్ సైన్సు చదివాడు, స్టాటిస్టిక్స్‌లో డిస్టింక్షన్ తెచ్చుకున్నాడు, తుమ్ముకీ బస్సుకీ సంబంధం లేదని అడిగితే కాగితం మీద నిరూపించగలడు. ఆ కాగితం పట్టుకుని కూడా గడప దాటలేడు.

"మా ఇంట్లో ఎవరైనా తుమ్మితే డాడీ స్తోత్రం అంటారు. అయిపోతుంది. సింపుల్" అంది మరియరాణి.

"పోనీ, ఇంకోటి తుమ్ము. జంట అయిపోతుంది."

"స్టీవ్ ముందా? వన్ మినిట్‌లో నా పేరు కొట్టేస్తాడు. నేను లేకపోతే నిన్నూ దిగనివ్వడు."

అదీ చిక్కు. ముమ్మిడివరం లెక్కలో ఇంకో తుమ్ము వస్తే అచ్యుత్ బాగుపడతాడు. పడవ లెక్కలో అదే తుమ్ము వస్తే మునిగిపోతాడు, అదీ నీళ్ళలో దిగకుండానే.

ఇంతలో ప్రొఫెసర్ జ్ఞానప్రసూన వచ్చారు. ఆవిడది తెనాలి. ఈ దేశం వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. తెలుగువాళ్ళ బార్బీల్లో, అంటే బార్బెక్యూ విందుల్లో, అందరికీ ఆంటీ, యూని గేటు దాటాక అందరికీ మేడమ్. ఆవిడ దగ్గర చదివిన ఉమామహేశ్వరరావు అనే కుర్రాడు తన థీసిస్‌లో "సాధారణంగా" అనే మాట వాడినందుకు ఒక అధ్యాయం మొత్తం తిరగరాశాడు. ఎంతమందిని, ఎన్నిసార్లు, ఏ ఏళ్ళలో చూసి సాధారణం అన్నావని ఆవిడ అడిగారు.

"ఏమిటీ ఆలస్యం? ముప్పై నాలుగు నిమిషాలున్నాయి" అన్నారు మేడమ్.

అచ్యుత్ తల వంచుకున్నాడు. తన చదువు సముద్రంలో కాదు, ఈ బెంచీ మీదే మునిగిపోతుందని అతనికి అర్థమైంది. మరియరాణే చెప్పేసింది. "మేడమ్, నేను స్నీజ్ చేశానని దిగనంటున్నాడు."

మేడమ్ కళ్ళజోడు సర్దుకున్నారు. ఒకసారి నీళ్ళ వైపు చూశారు. స్టీవ్ ఎంత దూరంలో ఉన్నాడో చూశారు. తరవాత గొంతు తగ్గించి అడిగారు.

"ఒకటా, రెండా?"

"ఒకటేనండి."

"నీళ్ళు తాగావా?"

అచ్యుత్ తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదు. ఆవిడ థీసిస్ పరీక్షల్లో ఎలా అడుగుతారో అలాగే అడుగుతున్నారు.

"అడిగానండి. ఇంకా రాలేదండి."

స్టీవ్ వచ్చాడు. చేతిలో నారింజ రంగు సీసా. భయపడ్డవాళ్ళకి ఉప్పూ పంచదారా కలిపిన ఈ డ్రింకు మంచిదని చెప్పి ఇచ్చాడు. అచ్యుత్ సీసా పట్టుకుని మేడమ్ వైపు చూశాడు. ఇది నీళ్ళ కిందకి వస్తుందా రాదా అని ఆ చూపుకి అర్థం. మేడమ్ ఒక్క క్షణం ఆలోచించి తల అడ్డంగా ఊపారు.

"ప్లెయిన్ వాటర్, స్టీవ్" అన్నారు.

నీళ్ళ కంటే ఇదే మంచిదన్నాడు స్టీవ్.

"మెథడాలజీ" అన్నారు మేడమ్.

ఆ మాట వినగానే స్టీవ్ మళ్ళీ కిందికి వెళ్ళాడు. ముప్ఫయ్యేళ్ళుగా శాస్త్రవేత్తలతో తిరిగినవాడు, ఆ మాటతో వాదన పెట్టుకుంటే సాయంత్రం అయిపోతుందని అతనికి తెలుసు. నీళ్ళు వచ్చాయి. అచ్యుత్ మూడు గుక్కలు తాగాడు. మేడమ్ వాచీ చూసుకుంటూ రెండు నిమిషాలు కూర్చోబెట్టారు. ఆ రెండు నిమిషాలూ ఆవిడ చేత్తో కారప్పొడి డబ్బా మూత గట్టిగా అదిమి పట్టుకున్నారు.

"ఇంక లే. కుడికాలు ముందు" అన్నారు, ఎటో చూస్తూ.

ఇరవై ఎనిమిది నిమిషాలున్నాయనగా ఇద్దరూ దూకారు.

నీళ్ళలోకి దిగాక అచ్యుత్ మనసు కుదుటపడింది. ఊపిరి శబ్దం తప్ప ఇంకేమీ వినబడదు. పగడాల దిబ్బ దాటాక నేల ఒక్కసారిగా అంతమైపోతుంది. అక్కడి నించి గోడ నిట్టనిలువుగా కిందికి దిగుతుంది, కింద అంతా నీలం, ఇంకా కింద ఆ నీలం కూడా లేదు. ముక్కు నొక్కుకుని చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటూ ఇద్దరూ గోడ వెంబడి దిగారు. పద్దెనిమిది మీటర్ల దగ్గర ట్యూబ్ కనిపించింది. ఏడాదిలో దానికి పాచి పట్టింది, చుట్టూ గవ్వలు మొలిచాయి. అయినా కదలకుండా తనని పెట్టినచోటే ఉంది. దాన్ని చూడగానే అచ్యుత్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ్ళనీ ముక్కునీ కప్పిన అద్దం లోపల తుడుచుకోవడానికి వీల్లేదు గనక అలాగే వదిలేశాడు.

స్పానర్ తీశాడు. నట్టు మీద పెట్టబోయాడు. ఆ కన్నీళ్ళ వల్లనో, అద్దంలోకి కారిన ఉప్పునీటి వల్లనో, ముక్కు దూల మొదలైంది. ఆపుకోవాలని చూశాడు. నోట్లో గాలి గొట్టం ఉంది, ఎడాపెడా బుడగలు లేచాయి. నీటి అడుగున, బిలం గోడ దగ్గర, స్పానర్ చేతిలో పట్టుకుని అచ్యుత్ తుమ్మాడు.

ఒక్కటే.

రెండోదాని కోసం అచ్యుత్ తన ముక్కుని మనసులోనే బతిమాలాడు. అది వినలేదు.

మరియరాణి ట్యూబ్ వైపు వేలు చూపించి, కానీ అన్నట్టు చెయ్యి ఊపింది. అచ్యుత్ అడ్డంగా తలూపాడు. ఇద్దరి దగ్గరా రాసుకునే పలకలున్నాయి. అచ్యుత్ తన పలక మీద ముక్కు బొమ్మ గీసి, పక్కన 1 అని వేసి చూపించాడు. ఆ బొమ్మ వంకాయలా వచ్చింది గానీ మరియరాణికి అర్థమైంది. ఆమె తన వాచీ అతని మొహం ముందు పెట్టింది. ఇంకా తొమ్మిది నిమిషాలే ఉన్నాయి. అతను మళ్ళీ తలూపాడు. ఇప్పుడు ముట్టుకుంటే ట్యూబ్ పోతుంది, అది అతనికి ఎండ కాస్తోందన్నంత స్పష్టంగా తెలుసు. ముట్టుకోకపోతే ఎలాగూ పోతుంది. ఇక్కడ కూర్చోడానికి బెంచీ లేదు. చుట్టూ ఎన్ని నీళ్ళున్నా తాగడానికి ఒక్క గుక్క లేదు. అడగడానికి పెద్దవాళ్ళు లేరు. అతను స్పానర్ పట్టుకుని కొయ్యలా ఉండిపోయాడు, నిజంగా భయపడ్డాడు.

మరియరాణి అతన్ని ఒక నిమిషం చూసింది. తరవాత కొంచెం వెనక్కి జరిగింది. కళ్ళు సగం మూసింది. తల మెల్లగా పైకెత్తింది. ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుంది. భుజాలు పైకి లేపింది, ఇంకా పైకి లేపింది, ఆగింది. ఆ తరవాత నడుం దగ్గర రెండుగా వంగిపోతూ సిలిండరులో గాలంతా ఒకేసారి వదిలినంత బుడగలు వదిలింది. గోడ పక్కన మేత మేస్తున్న రంగురంగుల చేపలు చెల్లాచెదురయ్యాయి.

అది తుమ్ము కాదని ఆ చేపలకి కూడా తెలిసి ఉంటుంది. నిజంగా తుమ్మేవాళ్ళు మధ్యలో ఒక కన్ను తెరిచి ఎదటివాడు చూస్తున్నాడా లేదా అని చూసుకోరు. తుమ్మడం అయిపోయాక ఆమె తన పలక మీద 2 అని రాసి, దాని కింద రెండు గీతలు కొట్టి, అతని అద్దానికి ఆనించి పట్టుకుంది.

అచ్యుత్‌కి నవ్వాగలేదు. నవ్వితే బుగ్గలు ముడుచుకుంటాయి, అద్దం పక్కనించి నీళ్ళొస్తాయి. సగం నిండింది. ముక్కుతో ఊది నీళ్ళు బయటికి పంపి, స్పానర్ నట్టు మీద పెట్టాడు.

నట్టు మాత్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులా తిప్పాడు. కాళ్ళు గోడకి తన్నిపెట్టి తిప్పాడు. అతను నట్టుతో కుస్తీ పడుతుంటే మరియరాణి కిందికి దిగి వల సంచి నోరు తెరిచి పట్టుకుంది. నట్టు ఒక్కసారిగా ఊడొచ్చింది. దాంతోపాటే ట్యూబ్ కూడా పట్టులోంచి జారి, అతని చేతుల్ని దాటుకుని కిందికి పోయింది. కింద యాభై మీటర్ల చీకటి ఉంది. ట్యూబ్ అంతదూరం వెళ్ళలేదు. మూరెడు దూరంలో సంచిలో పడింది. మరియరాణి సంచి మూతి బిగించి, దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకి హత్తుకుంది. పైకి వచ్చేదాకా ఆ చేతులు వదల్లేదు.

పడవ మీద మేడమ్ ట్యూబ్ కడిగి, తుడిచి, లాప్‌టాప్‌కి తగిలించారు. కాసేపు ఏమీ రాలేదు. తరవాత అంకెలు వరసగా దిగడం మొదలెట్టాయి, అలా దిగుతూనే ఉన్నాయి. యాభై రెండు వేల పైచిలుకు వరసలు. ఒక్క రోజు తప్పిపోలేదు. అచ్యుత్ పడవ నేల మీద వెల్లకిలా పడుకుని ఏడుస్తూ నవ్వాడు. అతనికి ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

స్టీవ్ వాళ్ళ డైవ్ వాచీలు చూసి, పద్దెనిమిది మీటర్ల దగ్గర నాలుగు నిమిషాలు ఎందుకు కదలకుండా ఉన్నారని అడిగాడు. మెథడాలజీ అంది మరియరాణి. స్టీవ్ తలూపి తాళ్ళు చుట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

మేడమ్ లాప్‌టాప్ మూశారు. "ఏం జరిగింది?" అని అడిగారు తెలుగులో.

"తుమ్మాడు మేడమ్. ఒక్కటే. ఫ్రీజ్ అయిపోయాడు. అందుకని నేను కూడా తుమ్మాను."

"నీకు నిజంగా వచ్చిందా?"

"రాలేదు మేడమ్. యాక్టింగ్." ఆమె అచ్యుత్ వైపు చూడకుండా అంది. "నేను ఇలాంటివి నమ్మను. కానీ తను నమ్ముతాడు కదా. వన్ ఇయర్ వర్క్ అక్కడ వదిలేసి ఎలా వస్తాం?"

అచ్యుత్ లేచి కూర్చున్నాడు. ఇప్పుడు ఆధారాలు అడుగుతారనుకున్నాడు.

"పదకొండేళ్ళ కిందట నేనూ ఇక్కడే దిగాను" అన్నారావిడ. "ఇలాంటి ట్యూబే. జోడీ ముందే దూకేశాక, దూకబోతూ నేనే తుమ్మాను, ఒక్కటే. తెనాలిలో అయితే మా అమ్మ కూర్చోబెట్టేది. నేను సైంటిస్టుని కదా, ఛీ అనుకుని దూకేశాను. కింద మనసంతా ఆ తుమ్ము మీదే ఉంది. ట్యూబ్ జారిపోయింది. ప్రవాహం ఉధృతి వల్ల పోయిందని రీసెర్చ్ పేపర్లో రాశాను."

ఆ పేపర్‌ని అచ్యుత్ తన రెండో అధ్యాయంలో మూడు చోట్ల ఉదహరించాడు.

"అప్పుడు మీ జోడీ ఎవరండి?" అన్నాడు.

మేడమ్ పడవ చివర తాళ్ళు చుట్టుకుంటున్న స్టీవ్‌ని చూశారు. అతను ఇటు తిరిగి బొటనవేలు పైకెత్తి నవ్వాడు. ఆవిడా చెయ్యి ఎత్తారు.

"స్టీవ్. చాలా మంచివాడు. నా చెయ్యి పట్టుకుని పైదాకా తీసుకొచ్చాడు, ఆ సాయంత్రమంతా నా పక్కనే కూర్చున్నాడు." ఆవిడ మరియరాణి తడి జుట్టు మీద చెయ్యి వేశారు. "కానీ అక్కడ, ఆ నీళ్ళలో, రెండోది నువ్వు తుమ్మవయ్యా అని అతనికి ఏ భాషలో చెప్పనమ్మా?"